1/2 + 1/3 కి 2/5 అని రాస్తున్నారు, ఎలా మాన్పించాలి?

అమలాపురం దగ్గర పల్లెటూరి బడిలో ఆరో తరగతికి లెక్కలు చెబుతాను. హారాలు ఒకటే అయితే పిల్లలు గడగడా కూడేస్తారు, వేరైతే మాత్రం సగం క్లాసు పైవి పైన, కిందవి కింద కలిపేసి 2/5 అని తెచ్చి చూపిస్తున్నారు. క.సా.గు. పద్ధతి (రెండు హారాలూ శేషం లేకుండా భాగించే అతి చిన్న సంఖ్యని హారంగా తీసుకోవడం) బోర్డు మీద నాలుగుసార్లు చేయించాను. ఆ రోజుకి వస్తుంది, సోమవారానికి మళ్లీ 2/5. పరీక్ష దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

రిప్లై (రాజోలు నుంచి):
క.సా.గు. కాసేపు పక్కన పెట్టండి మాస్టారూ. ముందు ఆ 2/5 తప్పని పిల్లలకే తట్టాలి. ఐదులో సగం రెండున్నర కదా, అంటే 2/5 సగం కన్నా తక్కువే. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని అడగండి, అడిగి ఊరుకోండి, జవాబు మీరు చెప్పొద్దు. ఆ తర్వాత పొలం లెక్క. ఎకరానికి వంద సెంట్లు. పావు ఎకరం 25, ఎకరంలో ఐదో వంతు 20, మొత్తం 45 సెంట్లు, అంటే 9/20. రెండిటినీ సెంట్లలోకి మార్చాకే కూడగలిగాం, హారం ఒకటి చేయడమంటే అదే.

అడిగినవారు:
బాగుందండీ, మరి 1/3 వస్తే? 33 సెంట్లు పోను ఇంకా మిగులుతుంది.

రిప్లై (మండపేట నుంచి):
అసలు పాఠం అక్కడే ఉందండీ. వంద కుదరకపోతే ఎన్ని ముక్కలు చేస్తే మూడో వంతు, పావు రెండూ సరిగ్గా తెగుతాయో వాళ్లనే వెతకనివ్వండి. నేను గళ్ల నోటుబుక్కులో మూడు వరసలు, వరసకి నాలుగు గళ్లు గీయించి కొబ్బరితోట అంటాను, గడికో చెట్టు. మూడో వంతు ఒక అడ్డవరస, 4 చెట్లు. పావు ఒక నిలువు వరస, 3 చెట్లు. మొత్తం 7/12. రెండు బొమ్మలు విడివిడిగా గీయించండి. ఒకే బొమ్మలో రంగు వేస్తే ఒక చెట్టు రెండు వరసల్లోనూ పడి 6 వస్తుంది. మొదటి ఏడాది నేను అలాగే వేయించాను, పాపం పిల్లలు బాగా తికమకపడ్డారు.

రిప్లై (రావులపాలెం నుంచి):
హారాలు గుణించేసి అడ్డంగా చేసే షార్ట్‌కట్ మాత్రం ఇప్పుడే నేర్పకండి. 1/6 + 1/4 కి 10/24 వస్తుంది, తప్పు కాదు, కానీ ఎందుకొచ్చిందో తెలియదు. మా అమ్మమ్మ బియ్యం తవ్వతో, సోలతో కొలిచేది. మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. తవ్వెడు, సోలెడు కలిపితే మూడు సోలలు, అంటే ముప్పావు మానిక. ఎవరింట్లోనైనా పాత తవ్వ ఉంటే తెప్పించండి.

అడిగినవారు:
ఇవాళ ఆ సగం ప్రశ్న అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక బెంచీలో పిల్ల లేచి "అయితే కింద అంకెలు కలపకూడదేమో సార్" అంది. రేపు గళ్ల నోటుబుక్కులు తెమ్మన్నాను.