పక్క కుర్చీలో కూర్చున్నవాడి మాట చరిత్రకు సాక్ష్యమా?

గంటస్తంభం (విజయనగరం):
మా పాఠకుల సమావేశంలో మొదలైన తగవు అక్కడ తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను. ఒకప్పుడు సినిమా నటుడైన అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ దగ్గర పత్రికా విభాగంలో పనిచేసిన మార్క్ వైన్‌బర్గ్, ఆయనతో కలిసి చూసిన సినిమాల గురించి 2018లో ఒక జ్ఞాపకాల పుస్తకం తెచ్చాడు. 1981 నుంచి 1989 దాకా రీగన్ దంపతులు చాలా వారాంతాలు మేరీలాండ్ కొండల్లో ఉన్న అధ్యక్షుల విడిది క్యాంప్ డేవిడ్‌లోనే గడిపేవారు. శుక్ర, శనివారాల్లో రాత్రి ఎనిమిదింటికి అక్కడి ఆస్పెన్ లాడ్జ్‌లో సినిమా. ప్రేక్షకులు ఎవరయ్యా అంటే డాక్టర్, హెలికాప్టర్ పైలట్, సైనిక సహాయకుడు, వైన్‌బర్గ్ లాంటి కుర్ర ఉద్యోగులు. చేతిలో పాప్‌కార్న్. ఆట అయ్యాక కబుర్లు.

అధ్యక్షుడు ఏ సినిమాకు నవ్వాడు, దేనికి ముఖం ముడుచుకున్నాడు అన్నది చరిత్ర కిందికి వస్తుందా, రాదా? వస్తుందనే నా పక్షం. ప్రసంగాలు వేరొకరు రాసిపెడతారు. నవ్వు ఎవరూ రాసిపెట్టరు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాడిగా నా అభ్యంతరం సూటిగా చెబుతాను. ఆయన ఉద్యోగం ఏమిటి? పత్రికల ముందు అధ్యక్షుణ్ణి మంచిగా చూపించడం. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోతుందా? రీగన్ పోయింది 2004లో, పుస్తకం వచ్చింది పద్నాలుగేళ్ల తరువాత. మన దగ్గర నెహ్రూ ఆంతరంగిక కార్యదర్శిగా చేసిన ఎం.ఓ. మత్తయ్ కూడా సరిగ్గా అంతే ఆగాడు. నెహ్రూ 1964లో పోతే, ఆయన జ్ఞాపకాలు 1978లో వచ్చాయి. ఒకరిది పూలదండ, ఇంకొకరిది బురద. రెండింటిలోనూ కాదనడానికి అసలు మనిషి లేడు. ఇలాంటి పుస్తకాలు నేను సరదాగానే చదువుతాను. ఉల్లేఖించమంటే మాత్రం చెయ్యి రాదు.

ఎచ్చెర్ల విద్యార్థి:
మాస్టారూ, నమస్కారం. మరి 'వార్ గేమ్స్' సంగతి ఏమంటారు? ఒక కుర్రాడు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని సైన్యం కంప్యూటర్‌లోకి చొరబడి, ఆటనుకుని అణుయుద్ధం అంచుదాకా తీసుకుపోయే కథ అది. 1983 జూన్ 4, శనివారం రాత్రి రీగన్ దాన్ని క్యాంప్ డేవిడ్‌లో చూశారు. తరువాతి బుధవారం క్షిపణుల మీద సమావేశం జరుగుతుంటే, కాగితాలు పక్కన పెట్టి మంత్రులకూ అమెరికా చట్టసభ (కాంగ్రెస్) సభ్యులకూ కథ మొత్తం చెప్పారు. చెప్పి, త్రివిధ దళాల అధిపతుల సంఘానికి ఛైర్మన్‌గా ఉన్న జనరల్ వెస్సీని 'ఇది నిజంగా జరిగే పనేనా' అని అడిగారు. వారం తిరిగాక ఆయన తెచ్చిన జవాబు, సమస్య మీరనుకున్నదానికన్నా చాలా పెద్దదని. 1984 సెప్టెంబరులో 145వ నంబరు జాతీయ భద్రతా ఆదేశం మీద రీగన్ సంతకం చేశారు. కంప్యూటర్ వ్యవస్థల భద్రత మీద అధ్యక్షుడి స్థాయిలో వచ్చిన తొలి ఆదేశం అది. సినిమా చూసిన రాత్రికీ సంతకానికీ మధ్య పదిహేను నెలలే!

నాగావళి ఒడ్డు:
బాబూ, కథ బాగా చెప్పావు. అయితే రెండు సంగతులు వదిలేశావు. మొదటిది, ఆ బుధవారం సమావేశాన్ని వెలుగులోకి తెచ్చింది వైన్‌బర్గ్ కాదు. అందులో ఉన్నవాళ్లను అడిగి, పత్రాలు తిరగేసి రాసిన పాత్రికేయులు. రెండోది ఇంకా ముఖ్యం. అమెరికా సైన్యానికి పరిశోధనలు చేసిపెట్టే ర్యాండ్ సంస్థలో విల్లిస్ వేర్ అనే ఇంజనీరు, ఒకదానికొకటి కలిపిన కంప్యూటర్లలో రహస్యాలు నిలవవని 1967లోనే పత్రం రాసి హెచ్చరించాడు. సినిమా రచయితలు సందేహాలు తీర్చుకోవడానికి వెళ్లింది కూడా ఆయన దగ్గరికే. అంటే పదహారేళ్లుగా ఒక నిపుణుడు చెబుతున్న మాట తెరమీదికి ఎక్కి, తిరిగి ప్రభుత్వానికే చేరింది. ఇందులో సినిమా పోస్టుమాన్. ఉత్తరం రాసినవాణ్ణి వదిలేసి పోస్టుమాన్‌కు సన్మానం చేస్తామంటే ఎలా?

ఎచ్చెర్ల విద్యార్థి:
పదహారేళ్లు ఆ ఉత్తరం ఎవరూ విప్పలేదు కదా మాస్టారూ! విప్పించింది ఎవరన్నదే నా ప్రశ్న.

పాత ఆపరేటర్ (పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం):
చదువుకున్నవాళ్ల మధ్య దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. సినిమా హాలులో ప్రొజెక్టర్ నడిపి బతికినవాణ్ణి. మా యజమానికి కావలసింది డీసీఆర్ ఒక్కటే. ఏ ఆటకు ఎన్ని టికెట్లు తెగాయి, ఎంత వసూలైంది అన్న లెక్క. జనం ఏడ్చారా, నిద్రపోయారా అన్నదానికి అందులో గడి ఉండదు.

వైట్‌హౌస్‌లోనూ అలాంటి పుస్తకం ఒకటి ఉంది. పాల్ ఫిషర్ అనే ఆపరేటర్ 1953 నుంచి 1986 దాకా, ఐసెన్‌హోవర్ మొదలు రీగన్ వరకు ఏడుగురు అధ్యక్షులకు సినిమాలు వేశాడు. ఏ రోజు ఏ సినిమా, ఎవరెవరు వచ్చారు అని రాసి పెట్టుకున్నాడు. కంబోడియా మీదికి సైన్యాన్ని పంపిన 1970లో నిక్సన్ 'ప్యాటన్' అనే యుద్ధ సినిమాను మళ్లీ మళ్లీ చూశాడన్న మాట ఉంది కదా. దాన్ని తేదీలతో సరిచూసుకోవాలంటే ఇలాంటి పుస్తకమే దిక్కు.

అలాగని ఆపరేటర్‌ను మించిన సాక్షి లేడంటే నేను ఒప్పుకోను. రెండు మిషన్ల మీద ఆట నడిపేటప్పుడు ఇరవై నిమిషాలకోసారి రీలు మారాలి. తెర పైన కుడి మూల చిన్న చుక్క మెరుస్తుంది. రెండో మిషను మోటారు వెయ్యాలి. కొన్ని సెకన్లకు రెండో చుక్క. అప్పుడు ఇటు మూసి అటు తెరవాలి. కన్ను ఆర్పితే తెల్లతెర, వెంటనే కింద ఈలలు. గది కిటికీలోంచి మేము చూసేది తెరను. హాలులో ఉన్నవాళ్ల వీపులు తప్ప ముఖాలు మాకు కనబడవు. ముఖం చూడాలంటే పక్కన కూర్చున్నవాడే కావాలి. అందుకని నా ఓటు గంటస్తంభం గారికి.

బొబ్బిలి నుంచి:
ఆపరేటర్ గారూ, మీ చుక్క సంగతి చదివాక పాత సినిమాలో అది ఎక్కడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను!

నాకు తోచింది ఇది. రీగన్ పదవిలో ఉన్నన్నాళ్లూ డైరీ రాశారు, అది 2007లో అచ్చయింది కూడా. 1981 ఫిబ్రవరిలో 'నైన్ టు ఫైవ్' చూసి, నవ్వొచ్చింది గానీ అందులోని ముగ్గురు ఆడవాళ్లు గంజాయి తాగే దృశ్యానికి ఒళ్లు మండిందని, మందు తాగి మత్తెక్కినట్టు చూపిస్తే సరిపోయేదని రాసుకున్నారు. 1983 అక్టోబరు 10న అణుయుద్ధం మీద తీసిన టీవీ సినిమా 'ది డే ఆఫ్టర్' చూసి, మనసు బాగా కుంగిపోయిందని రాశారు. దేశం దాన్ని చూసింది నవంబరు 20న. ఇవన్నీ అప్పటికప్పుడు సొంత చేత్తో రాసినవి. వీటి ముందు ముప్పై ఏళ్ల తరువాత గుర్తు తెచ్చుకున్న మాట దేనికి?

దేనికంటే, డైరీ ఒక్కడి మాట. ఆయన నటించిన పాత సినిమాలు కూడా క్యాంప్ డేవిడ్‌లో వేసేవారు. కుర్ర ఉద్యోగులు అడుగుతుంటే స్టూడియో రోజుల సంగతులు చెప్పేవారు. అది డైరీలో పడదు, వింటున్నవాళ్లకు తెలుస్తుంది. యాభైకి పైగా సినిమాల్లో నటించిన మనిషి తెరను మనలా చూస్తాడా? ఇంకో మాట. 1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి రీగన్ గద్దెనెక్కి రెండేళ్లు. మనకూ అలాంటి రాత్రుల గురించి ఎవరైనా నిదానంగా రాసిపెట్టి ఉంటే నేను మొదటి ప్రతి కొనేదాన్ని.

గంటస్తంభం:
మాస్టారూ, కొలువులో ఉన్నవాడి మాట నమ్మకూడదంటే మనం ముందు గురజాడనే వదులుకోవాలి. ఆయన ఆనంద గజపతి కొలువులో మనిషి. 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడింది ఈ ఊళ్లోనే, 1897లో అచ్చువేసి అంకితమిచ్చింది ఆ రాజుకే. పీఠికలో రాజుగారిని పొగిడాడు కూడా. అయినా ఆ పీఠికను ఇప్పటికీ ఎందుకు ఉల్లేఖిస్తాం? విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా రాజుగారు తీయించారని, 1,034 తేలాయని, అయిదేళ్ల పిల్లలు తొంభై తొమ్మిది మంది, ఏడాది పసికందులు ముగ్గురు అని రాశాడు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం జంకుతారు గనుక జాబితా అసంపూర్ణమనీ ఆయనే చెప్పాడు. పొగడ్త తీసేసి చదవడం మనకు రాని విద్య కాదు. వైన్‌బర్గ్‌నూ అలాగే చదువుదాం అంటున్నాను.

నాగావళి ఒడ్డు:
గురజాడను తెచ్చి నా నోరు మూయించాలని చూస్తున్నారమ్మా! మీరే చెప్పారు, అక్కడ జాబితా ఉంది. పొగడ్త తీసేశాక గురజాడ పీఠికలో 1,034 మిగులుతుంది. ఇక్కడ పొగడ్త తీసేస్తే పాప్‌కార్న్ మిగులుతుంది.

ఎచ్చెర్ల విద్యార్థి:
145వ నంబరు ఆదేశం కాగితమే కదా మాస్టారూ? సంతకం, తేదీ అన్నీ ఉన్నాయి.

నాగావళి ఒడ్డు:
ఉన్నాయి బాబూ. ఆ కాగితంలో సినిమా పేరు ఎక్కడుందో చూపించు.