త్సురూక్‌కేరెన్ అనే జర్మన్ మాటకి అర్థం ‘తిరిగి రావడం’ ఒక్కటేనా?

బీ1_తంటాలు:
సెలవు అయిపోయి సోమవారం వస్తున్నానని టీమ్‌కి ‘ఇష్ కేరె ఆమ్ మోన్‌టాగ్ ఇన్స్ బ్యూరో త్సురూక్’ అని మెయిల్ పెట్టాను. పక్క సీటావిడ చదివి, “యుద్ధానికి గానీ వెళ్ళావా?” అని ఒకటే నవ్వు. నా డిక్షనరీలో త్సురూక్‌కేరెన్‌కీ త్సురూక్‌కొమ్మెన్‌కీ ఒకే అర్థం ఉంది. తప్పెక్కడండీ?

మెట్ల_వంతు:
తప్పేం లేదు. త్సురూక్‌కేరెన్ పుస్తకాల మాట, త్సురూక్‌కొమ్మెన్ నోటి మాట, అంతే. అన్నట్టు కేరెన్ అంటే ఊడవడం కూడా. స్టుట్‌గార్ట్‌లో కేర్‌వోహె అని వారం వంతు వస్తుంది, మెట్లు మనమే ఊడ్చుకోవాలి. ఆ కేరెన్ వేరే లెండి.

పాత_అనువాదకుడు:
‘అంతే’ అంటే ఒప్పుకోను. త్సురూక్ అంటే వెనక్కి. కొమ్మెన్ అంటే రావడం. ఎటు నిలబడి చూస్తున్నామో ఆ మాటలోనే ఉంటుంది. కేరెన్ అంటే మరలడం. ‘ఎర్ కేర్టె నాఖ్ ఇండియెన్ త్సురూక్’ (అతను ఇండియాకి మరలాడు) అని బెర్లిన్‌లో ఉన్నవాళ్ళు రాసినా చెల్లుతుంది, గుంటూరులో ఉన్నవాళ్ళు రాసినా చెల్లుతుంది. తెలుగు చేసేటప్పుడు మాత్రం ‘తిరిగి వెళ్ళాడు’ అనాలా, ‘తిరిగి వచ్చాడు’ అనాలా అన్నది మనమే తేల్చుకోవాలి. డిక్షనరీ ఒకటే రాసి ఊరుకుంది.

ఇక ఆవిడ నవ్వు. 1955లో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ ఆడెనవర్ మాస్కో వెళ్ళి మాట్లాడాక, రెండో ప్రపంచ యుద్ధం నుంచి సోవియట్ చెరలో మిగిలిన దాదాపు 10,000 మంది జర్మన్ ఖైదీలు విడుదలయ్యారు. ఫ్రీడ్‌లాండ్ శిబిరంలో బస్సులు దిగిన వాళ్ళను హైమ్‌కేరర్ అన్నారు, అంటే ఇంటికి మరలిన వాళ్ళు. ఆ బరువు కేరెన్ మాటకి ఇంకా అంటుకునే ఉంది. 1983లో విదేశీ కార్మికులు సొంత దేశాలకు పోతే 10,500 మార్కులు ఇస్తామన్న చట్టంలోనూ ‘రూక్‌కేర్’ (తిరిగి పోవడం) అనే రాశారు. జర్మనీలోనే పుట్టిన వాళ్ళ పిల్లలకు అది ఏ రకం తిరుగు ప్రయాణమో నాకైతే అర్థం కాదు.

మెట్ల_వంతు:
చట్టం సంగతి సరే. గాయం తగ్గిన ఫుట్‌బాల్ ఆటగాడికీ పేపర్లు త్సురూక్‌కేరెన్ అనే రాస్తాయి. అక్కడ ఏ యుద్ధం ఉంది?

పాత_అనువాదకుడు:
పేపర్లో నప్పుతుంది, నాలుగు రోజుల సెలవుకి నప్పదు. ‘ఇష్ బిన్ ఆమ్ మోన్‌టాగ్ వీడర్ డా’ అంటే చాలు, సోమవారం మళ్ళీ ఉంటాను అని. తమాషా ఏంటంటే మన ‘మళ్ళీ’ కూడా మళ్ళడం నుంచి వచ్చిందే.

బీ1_తంటాలు:
ఇవాళ ‘వీడర్ డా’ అనే పెట్టాను. ఆవిడ తలెత్తి కూడా చూడలేదు.