సోయింకా ఇంటిపేరు: ‘సో’నా, ‘షో’నా?

అరసున్న: డిగ్రీలో మా ఇంగ్లీషు మాస్టారు, నైజీరియా రచయిత వోలే సోయింకా రాసిన, ఫోన్‌లో ఇల్లు అద్దెకు అడిగే ఆ కవిత చెబుతూ ‘సోయింకా అంటే చుట్టూ మంత్రగాళ్లు ఉన్నవాడు’ అన్నారు. ఇరవయ్యేళ్లయినా ఆ మాట నన్ను వదలడం లేదు. ఆ చుట్టూ ఉన్నవాళ్లు కాపలానా, ముప్పా?

తెనాలి: నాలుగేళ్లు నైజీరియాలోని లేగోస్‌లో పనిచేశాను. అక్కడ ‘షోయింకా’ అంటారు. ఆయన మాతృభాష యొరుబాలో ఎస్ కింద చుక్క ఉంటే ‘ష’. ఇంగ్లీషు అచ్చులో ఆ చుక్క రాలిపోయింది, మనం ‘సో’ రాసుకున్నాం. బెనిన్ దేశపు యొరుబా రాతలో ఎస్, హెచ్ కలిపి రాస్తారు, ఈ పేచీ లేదు.

పదాలపెట్టె: చుక్క సరేనండీ, నా ప్రాణం సున్నా మీద ఉంది. విడదీస్తే ‘ఒషో యి మి కా’. ఒషో మంత్రగాడు, ‘యి కా’ చుట్టుకోవడం, మధ్యలోని ‘మి’ అంటే నన్ను. మొదటి అచ్చు లోపించింది, ‘మి’ కరిగి నకారమైంది. అంటే మనం రాసే ‘యిం’లోని సున్నాయే ‘నన్ను’! ఎంత బాగుందో చూడండి.

తెనాలి: యొరుబా వాళ్ల సోదె విద్య ‘ఇఫా’ కూడా ఇలాగే పేర్లలో ‘ఫా’ అవుతుంది. యొరుబా నవలాకారుడు ఫాగున్వా పేరు అలాంటిదే. ఆయన నవలను 1968లో ఇంగ్లీషులోకి తెచ్చింది సోయింకాయే.

గోదారిగట్టు: ‘మంత్రగాడు’ దగ్గరే దారి తప్పాం. మనకు చేతబడి గుర్తొస్తుంది. నైజీరియాలోని యొరుబా సీమలో అబెవొకుటా, ఇజెబు, రెమో వైపు ‘షో’తో మొదలయ్యే ఇళ్లు బోలెడు: షోవాండే, షోడిపో, షోఫోలా. 1830లో యొరుబాల్లో ఒక శాఖ అయిన ఎగ్బా ప్రజల్ని అబెవొకుటాలోని ఒలుమో బండ దగ్గరికి చేర్చిన నాయకుడు షోడెకే. పేరు మొదటి మాట అది ఎలాంటి ఇల్లో చెబుతుంది: ‘అడె’ అంటే కిరీటం, రాచ ఇళ్ల మాట. ‘అయాన్’ డోలు వాయించేవాళ్ల ఇల్లు. ‘ఒడె’ వేటగాళ్లది. అలాగే ఒషో కూడా ఒక ఇంటి విద్య. నేనైతే ‘సిద్ధులు’ అంటాను.

పదాలపెట్టె: సిద్ధులంటే మరీ తీపి చేశారు. ఒషో అంటే జనానికి భయం కూడా ఉంది. భయపడే చోటే దండం పెడతారు కదండీ, మన ఊరి పొలిమేర దేవతకు పెట్టినట్టు.

గోదారిగట్టు: భయం సంగతి ఒప్పుకుంటాను. కానీ సోయింకా తండ్రి క్రైస్తవుడు, అబెవొకుటాలో చర్చి బడి హెడ్మాస్టరు. ఆ రోజుల్లో చర్చిలో చేరినవాళ్లు చాలామంది పేరులోని ‘ఫా’ తీసి దేవుడనే అర్థంలో ‘ఒలు’ పెట్టుకున్నారు. ఈ ఇంట్లో మాత్రం ఒషో అలాగే నిలిచింది. కేవలం ముప్పు అయితే నిలుపుకుంటారా?

తెనాలి: వాళ్ల బంధువు, గాయకుడు ఫేలా కుటీ తీరు వేరు. పాట పాడినంత తెగువగా పేరునూ మార్చాడు. ‘రాన్సమ్’ తీసేసి ‘అనికులపో’ పెట్టుకున్నాడు, చావును సంచిలో పెట్టుకున్నవాడని! ఒక్క పేరులో ఎంత ధైర్యం! ఆ పాటలు వింటూ లేగోస్ ట్రాఫిక్‌లో గంటలు గడిపాను.

అరసున్న: అన్నయ్యా, ఫేలా గురించి ఎంత చెప్పినా వింటాను. కానీ నా ప్రశ్న: కాపలానా, ముప్పా?

పదాలపెట్టె: ‘యి కా’లో ఆ తేడా లేదమ్మా. కోటను గోడ చుట్టుకున్నా, శత్రువు చుట్టుకున్నా అదే క్రియ.

గోదారిగట్టు: పేరు పెట్టేటప్పుడు ఏ పెద్దలూ శత్రువును తలచుకోరు. కాపలాయే.

తెనాలి: ఇద్దరూ స్థాయి మరిచారు. యొరుబాలో గొంతు ఎత్తు మారితే మాటే మారుతుంది. ‘షో’, ‘యిం’, ‘కా’ మూడు అక్షరాలూ పై స్థాయిలో పలకాలి. ‘షో’ కిందికి దిగితే అది ఆ పేరే కాదు.