పది మెమోలో ఇంటిపేరు పొట్టిగా ఉంది, పైలట్ కంప్యూటర్ నంబర్ వస్తలేదు

మాది నల్లగొండ. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు 17 ఏళ్లు నిండాలి, పది పాస్ కావాలి, క్లాస్ 2 మెడికల్ (పైలట్లకు ఇచ్చే ఆరోగ్య సర్టిఫికెట్) ఉండాలి. నాకు ఈ మూడూ ఉన్నయి. థియరీ పరీక్షలు రాయాలంటే కావాల్సిన కంప్యూటర్ నంబర్ (విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే అభ్యర్థి నంబర్) దగ్గరే ఆగిపోయిన.

ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే. ఆధార్‌లో, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. పేరు కలుస్తలేదని అప్లికేషన్ వాపస్ వచ్చింది. రెండు పేర్లూ నావేనని నోటరీ అఫిడవిట్ జతచేసి మళ్లీ పంపినా అదే జవాబు. మన దిక్కు చానామంది మెమోలు ఇట్లనే ఉంటయి కదా, ఇది దాటినోళ్లు తప్పకుండా ఉంటరు.

తెలంగాణ మెమోతో నంబర్ తెచ్చుకున్నోళ్లు దయచేసి చెప్పండి: గెజిట్‌లో పేరు ప్రకటన వేయిస్తే సరిపోతదా, లేక ఆధార్, పాస్‌పోర్టులనే మెమో ప్రకారం మార్పించుకోవాల్నా?