దొంగ యాంటీవైరస్: తీసేస్తే మళ్ళీ వస్తోంది, ఇప్పుడు నెట్ కూడా పోయింది

హెచ్‌ఎస్‌ఆర్_తెలుగోడు:

నమస్తే అండి. బెంగళూరులో మా నాన్నగారి ల్యాప్‌టాప్. విండోస్ 11 హోమ్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. ఈ-ఖాతా (ఆస్తి రికార్డు) కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా కలపాలని ఆయన ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకున్నారు. అప్పట్నుంచి కుడివైపు కింద మూలన నిమిషానికో డబ్బా: "మీ లైసెన్స్ ముగిసింది, 5 వైరస్‌లు ఉన్నాయి, రెన్యూ చేయండి" అని. డెస్క్‌టాప్ మీద డాలు బొమ్మతో ఒక ప్రోగ్రాం కూడా వచ్చి కూర్చుంది. తెరిస్తే తనంతట తనే స్కాన్ మొదలుపెట్టి, అర నిమిషంలో 1,243 సమస్యలని ఎర్రగా చూపిస్తుంది. బాగుచేయాలంటే ₹2,999 కట్టాలట.

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అన్‌ఇన్‌స్టాల్ చేశాను, తెల్లారేసరికి మళ్ళీ ఉంది. ఫోల్డర్ పట్టుకుని మొత్తం డిలీట్ చేశాను. ఇప్పుడు వైఫై కలిసినట్టే చూపిస్తోంది కానీ ఒక్క పేజీ తెరుచుకోదు. విండోస్ సెక్యూరిటీతో క్విక్ స్కాన్ చేస్తే ఏమీ లేదంటోంది. ఎస్‌.పి. రోడ్‌లో ఒక షాపులో అడిగితే మూత కూడా తెరవకుండా "ఫార్మాట్ మాడ్బేకు సార్" అన్నారు, అంటే డిస్క్ మొత్తం చెరిపి విండోస్ మళ్ళీ వేయాలట. పదేళ్ళ ఫొటోలున్నాయి. ఫార్మాట్ లేకుండా అవుతుందా?

పాత_కీబోర్డు:

మీరు ఒకటే అనుకుంటున్నారు గానీ అవి రెండు. మూలన వచ్చే డబ్బాలు వేరు, డాలు బొమ్మ ప్రోగ్రాం వేరు. ఒకదాన్ని తీసి రెండోదాన్ని వదిలేస్తే ఏదీ పోనట్టే అనిపిస్తుంది.

ముందు డబ్బాలు. నెట్ పోయినప్పట్నుంచి అవి కూడా ఆగిపోయి ఉండాలి, గమనించారా? ఆగితే అవి మీ డిస్క్‌లోంచి వచ్చేవి కావు, బయటి వెబ్‌సైట్ పంపే నోటిఫికేషన్లు. విండోస్ కీ, ఎన్ కలిపి నొక్కితే పాతవి కనిపిస్తాయి. భయపెట్టే పెద్ద అక్షరాలు వదిలేసి చిన్నవి చదవండి: క్రోమ్ అనో ఎడ్జ్ అనో ఉండి, పక్కనే ఊరూపేరూ లేని సైట్ అడ్రస్ ఉంటుంది. "మీరు రోబో కాదని తెలియాలంటే అలో నొక్కండి" అనే పేజీలో అలో నొక్కితే పట్టుకునే పీడ ఇది. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్ళండి. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో తెలియనిదాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చేయండి. రిమూవ్ చేస్తే ఆ సైట్ మళ్ళీ అడగగలదు, బ్లాక్ చేస్తే అడగలేదు. ఎడ్జ్‌లో విడిగా చేయాలి. క్రోమ్‌లో రెండు ప్రొఫైళ్ళుంటే రెండింట్లోనూ చేయాలి. ఎక్స్‌టెన్షన్ల పేజీలో మీరు పెట్టనిది ఏదున్నా తీసెయ్యండి.

ఇక నెట్ ఎందుకు పోయిందంటే, ఇలాంటి ప్రోగ్రాంలు ప్రాక్సీ పెట్టుకుని బ్రౌజర్‌కీ నెట్‌కీ మధ్యన కూర్చుంటాయి. మీరు ఫోల్డర్ తీసేశారు, ప్రాక్సీ సెట్టింగ్ మిగిలిపోయింది. బ్రౌజర్ ఇంకా ఆ తలుపే తడుతోంది, లోపల మనిషి లేడు. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ తెరిచి "యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్" చూడండి. ఆన్‌లో ఉండి అడ్రస్ 127.0.0.1 అని ఉంటే అది మీ కంప్యూటర్ సొంత అడ్రసే. ఆఫ్ చేయగానే నెట్ వస్తుంది. దాని పైనే ఉండే "సెటప్ స్క్రిప్ట్" కూడా ఆఫ్‌లో ఉండాలి. చాలామంది దాన్ని చూడరు.

జయనగర్_అక్క:

పై సమాధానం సరైనదే కానీ వరస మార్చాలి. తమ్ముడూ, ఆ ప్రాక్సీ ఇప్పుడే ఆఫ్ చేయకు. నెట్ లేకపోవడం ఇప్పుడు నీకు మేలు. అన్‌ఇన్‌స్టాల్ చేసినది తెల్లారేసరికి తిరిగొచ్చిందంటే దాన్ని మళ్ళీ దించి ఎక్కించే వేరే ముక్క ఒకటి లోపల ఉంది. నెట్ ఇస్తే దానికి అన్నం పెట్టినట్టే.

ఆ ముక్క సాధారణంగా టాస్క్ షెడ్యూలర్‌లో, అంటే చెప్పిన వేళకి ప్రోగ్రాంలని తనే నడిపే విండోస్ పనిముట్టులో ఉంటుంది. స్టార్ట్‌లో ఆ పేరు టైప్ చేసి తెరువు, ఎడమవైపు టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ నొక్కు. ఒక్కో టాస్క్‌కీ కింద యాక్షన్స్ ట్యాబ్‌లో అది ఏ ఫైల్‌ని నడుపుతుందో ఉంటుంది. యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటా, టెంప్ ఫోల్డర్లలోని వింత పేర్ల ఫైల్, లేదా పవర్‌షెల్ (విండోస్‌కి ఆదేశాలిచ్చే పనిముట్టు) పక్కన అర్థంకాని పొడవాటి అక్షరాల వరస కనిపిస్తే దాన్ని అనుమానించు. ట్రిగ్గర్స్ ట్యాబ్‌లో లాగాన్ అయినప్పుడనో గంటకోసారనో ఉంటుంది. కానీ యాప్‌డేటాలో ఉన్నదల్లా దొంగది కాదు. వన్‌డ్రైవ్, జూమ్ కూడా అక్కడి నుంచే నడుస్తాయి. తెలియనిదాన్ని ముందు డిసేబుల్ చెయ్యి, డిలీట్ తర్వాత.

ఇంకా నమ్మకమైన పద్ధతి ఆటోరన్స్. విండోస్‌తో పాటు తమంతట తామే మొదలయ్యేవన్నీ ఒకేచోట చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ సిస్‌ఇంటర్నల్స్ పనిముట్టు, ఉచితం, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. వేరే కంప్యూటర్లో దించి పెన్‌డ్రైవ్‌లో తీసుకురా. రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడుపు. ఆప్షన్స్‌లో "హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్", స్కాన్ ఆప్షన్స్‌లో "వెరిఫై కోడ్ సిగ్నేచర్స్" పెట్టు. వందల లైన్లు పాతికకో ముప్ఫైకో తగ్గుతాయి. పసుపు రంగు లైన్ అంటే ఆ ఫైల్ ఇప్పుడు లేదని. నువ్వు డిలీట్ చేసిన ఫోల్డర్ తాలూకువి అలాగే కనిపిస్తాయి. గులాబీ రంగు అంటే తయారుచేసినవాళ్ళ సంతకం లేదనో సరిపోలేదనో. అది నేరానికి ఋజువు కాదు, పాత ప్రింటర్ డ్రైవర్లకీ వస్తుంది. అనుమానమున్న లైన్ ముందు టిక్ తీసెయ్యి, చాలు. తప్పయితే మళ్ళీ పెట్టుకోవచ్చు. తర్వాత షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చెయ్యి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న మెషీన్‌లో షట్‌డౌన్ పూర్తిగా ఆర్పదు.

టిక్ తీసినది మళ్ళీ వచ్చి కూర్చుంటుంటే సేఫ్ మోడ్‌లోకి, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్‌లోకి వెళ్ళాలి. పాత గైడుల్లో ఎఫ్8 నొక్కమంటారు, విండోస్ 8 నుంచి మామూలుగా అది పనిచేయదు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కు, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4. ఈ పని మొదలుపెట్టే ముందే బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ చేతిలో ఉంచుకో. కొత్త ల్యాప్‌టాప్‌లలో హోమ్ ఎడిషన్ అయినా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు, దారిలో నీలం తెర మీద 48 అంకెల కీ అడుగుతుంది. ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ల్యాప్‌టాప్ సెటప్ చేశారో దానిలోకి ఫోన్ నుంచి లాగిన్ అయితే ఆ కీ దొరుకుతుంది. సేఫ్ మోడ్‌లో పిన్ ఒక్కోసారి పనిచేయదు, అకౌంట్ పాస్‌వర్డ్ కూడా తెలిసి ఉండాలి.

నీ క్విక్ స్కాన్ ఏమీ లేదనడానికి కారణం వేరే ఉండొచ్చు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, కిందికి వెళ్తే ఎక్స్‌క్లూజన్స్ చూడు. అడ్మినిస్ట్రేటర్ అనుమతి దొరికితే ఇవి చేసే మొదటి పని సీ డ్రైవ్‌నో తమ ఫోల్డర్‌నో అక్కడ రాసిపెట్టడం. "ఇటు చూడొద్దు" అని చెప్పాక కాపలావాడు చూడడు కదా. అక్కడ నువ్వు పెట్టనివి తీసెయ్యి, ఈ సెట్టింగ్స్‌ని వేరే ప్రోగ్రాంలు మార్చకుండా ఆపే ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్ చెయ్యి. ఇప్పుడు ప్రాక్సీ ఆఫ్ చేసి, నెట్ రాగానే డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) అప్‌డేట్ చేసి ఫుల్ స్కాన్ పెట్టు. హార్డ్ డిస్క్ కనుక కొన్ని గంటలు పడుతుంది, రాత్రి చార్జర్ పెట్టి వదిలెయ్యి. అది అయ్యాక స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్. మెషీన్ తనే రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే 15 నిమిషాల్లాగా వెతుకుతుంది. ఫలితం తర్వాత ప్రొటెక్షన్ హిస్టరీలో ఉంటుంది.

పనిలో పని: విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో "మేనేజ్ ప్రొవైడర్స్" తెరువు. క్విక్ హీల్ లాంటి అసలైన యాంటీవైరస్ ఏదున్నా అక్కడ పేరు నమోదై ఉంటుంది. డాలు బొమ్మవాడి పేరు చాలావరకు ఉండదు.

టర్బో_తంబి:

ఇంత తతంగం దేనికి బ్రో, ఒక మంచి ఉచిత పీసీ క్లీనర్ వేసి రిజిస్ట్రీ క్లీన్ కొట్టు, అన్నీ పోతాయి.

జయనగర్_అక్క:

ఆ 1,243 సమస్యలు ఎక్కడివనుకున్నావు తమ్ముడూ? కుకీలు, టెంప్ ఫైళ్ళు, రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే చోట, ఖాళీగా పడున్న ఎంట్రీలు. ప్రతి కంప్యూటర్లోనూ ఉంటాయి, ఎవరికీ హాని చేయవు. రిజిస్ట్రీ క్లీనర్ ఏరేదీ ఆ చెత్తనే. షెడ్యూల్ టాస్క్ జోలికి పోదు, ఎక్స్‌క్లూజన్ జోలికి పోదు. దొంగని పట్టడానికి వాడి పెదనాన్నని పిలిచినట్టుంటుంది. రెండో అభిప్రాయం కావాలంటే యాడ్‌వ్‌క్లీనర్ చాలు. మాల్‌వేర్‌బైట్స్ వాళ్ళది, ఇన్‌స్టాల్ లేకుండా నడుస్తుంది, బ్రౌజర్లకి అంటుకునే ఇలాంటి వాటి కోసమే చేసింది. లేదా మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్. దించిన 10 రోజులకి దాని గడువు తీరిపోతుంది, కాబట్టి పెన్‌డ్రైవ్‌లో దాచిన పాతది పనికిరాదు.

హెచ్‌ఎస్‌ఆర్_తెలుగోడు:

అక్కా, ఎక్స్‌క్లూజన్స్‌లో సీ డ్రైవ్ మొత్తం ఉంది! తీసేశాను. టాస్క్ షెడ్యూలర్‌లో "అప్‌డేట్" పేరుతో యాప్‌డేటాలోంచి నడిచేది ఒకటి దొరికింది, డిసేబుల్ చేశాను. ప్రాక్సీ 127.0.0.1 అనే ఉంది, ఆఫ్ చేయగానే నెట్ వచ్చింది. ఫుల్ స్కాన్‌లో నాలుగు పట్టుకుంది. డబ్బాలు కూడా ఆగాయి.

ఒక విషయం ఇప్పుడే తెలిసింది. నాన్నగారు తెరమీద కనిపించిన నంబరుకి ఫోన్ చేశారట. అవతలివాళ్ళు ఏదో యాప్ ఎక్కించి, అరగంట సేపు మౌస్ వాళ్ళే కదిపి, ఎర్ర గుర్తులున్న పెద్ద జాబితా చూపించారట. డబ్బు మాత్రం కట్టలేదంటున్నారు.

పాత_కీబోర్డు:

అయితే లెక్క మారింది. వైఫై ఇప్పుడే ఆఫ్ చేయండి.

ఆ ఎర్ర గుర్తుల జాబితా ఈవెంట్ వ్యూయర్, విండోస్ తనలో జరిగేవి రాసుకునే చిట్టా. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో తెరిచినా ఎర్రర్లు ఉంటాయి. అది నాటకంలో తెర. అసలు నష్టం ఆ అరగంటలో కనబడకుండా ఏం జరిగిందన్నది. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, అల్ట్రావ్యూయర్, దూరం నుంచి కంప్యూటర్ నడిపే వీటిలో ఏది కనిపించినా తీసెయ్యండి. అవి దొంగ సాఫ్ట్‌వేర్లు కావు, అందుకే డిఫెండర్ వాటిని పట్టదు. వాటిలో మనిషి లేకుండానే లోపలికొచ్చేలా పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంది. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లో కొత్త పేరేదైనా చేరిందేమో కూడా చూడండి.

పాస్‌వర్డ్‌లు ఆ ల్యాప్‌టాప్ మీద మార్చకండి, ఫోన్‌లో మార్చండి. మొదట ఈమెయిల్, ఎందుకంటే మిగతావాటి రీసెట్ లింకులన్నీ అక్కడికే వస్తాయి. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కింద "యువర్ డివైసెస్"లో ఆ ల్యాప్‌టాప్‌ని సైన్ అవుట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చాక కూడా ఇది విడిగా చూసుకోవాలి. జీమెయిల్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తెరిచి చూడండి. మెయిళ్ళు గుట్టుగా వేరేచోటికి మళ్ళించే రూల్ పెట్టడం పాత ఎత్తు. తర్వాత నెట్‌బ్యాంకింగ్. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్ ప్రతిదీ పోయిందనే లెక్కేసుకోండి. కట్టలేదన్నా గత వారం స్టేట్‌మెంట్ మీరే చూడండి, కొందరు పెద్దవాళ్ళు మొహమాటానికి చెప్పరు. రూపాయి పోయినట్టు కనిపించినా వెంటనే బ్యాంకుకి, 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పెట్టొచ్చు. ఆ నంబరు, కాల్ టైమ్ ఫోన్ కాల్ లిస్ట్‌లో ఉంటాయి, స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

ఇక మీ మొదటి ప్రశ్న. నోటిఫికేషన్, ప్రోగ్రాం వరకే అయితే ఫార్మాట్ అక్కర్లేదనేవాణ్ణి. తెలియని మనిషి అరగంట అడ్మినిస్ట్రేటర్‌గా కూర్చున్న మెషీన్‌కి మాత్రం ఫార్మాటే నయం.

జయనగర్_అక్క:

నా మాటా అదే. ఎలా చేయాలో చెప్తాను.

ముందు ఫొటోలు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ పెట్టుకుని ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి కాపీ చెయ్యి. జేపీజీ, పీడీఎఫ్, ఎంపీ4 లాంటివే తీసుకో. ఫొటో పేరే ఉండి చివర ఈఎక్స్‌ఈ, ఎస్‌సీఆర్ అని ఉంటే అది ఫొటో కాదు, ప్రోగ్రాం, వదిలెయ్యి, సెటప్ ఫైళ్ళు ఒక్కటీ వద్దు. కాపీ అయ్యాక ఓ పది ఫొటోలు ఇంకో కంప్యూటర్లో తెరిచి చూసుకో. డిస్క్ పీకి పక్కన పెట్టేశాకే ముందుకెళ్ళు.

సెట్టింగ్స్, సిస్టం, యాక్టివేషన్‌లో "డిజిటల్ లైసెన్స్" అని ఉందో చూడు. ఉంటే ఫార్మాట్ తర్వాత నెట్ తగలగానే విండోస్ తనే యాక్టివేట్ అవుతుంది, కీ కొనక్కర్లేదు. షాపులో చేయిస్తే ఈ ఒక్క మాట గట్టిగా చెప్పు: ఎవరిదో యాక్టివేటర్‌తో (లైసెన్స్ లేకుండా విండోస్‌ని నడిపించే దొంగ ప్రోగ్రాంతో) నడిచే కాపీ వద్దు, ఇదే లైసెన్స్ ఉంచండి అని. యాక్టివేటర్ పనిచేయాలంటే డిఫెండర్‌ని ఆపమంటారు, ఎక్స్‌క్లూజన్ పెట్టమంటారు. మళ్ళీ మొదటికొస్తావు.

ఇంట్లోనే చేస్తే వేరే కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచెయ్యి. దానిలో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఖాళీది తీసుకో. పెన్‌డ్రైవ్ లేకపోతే సెట్టింగ్స్, సిస్టం, రికవరీ, రీసెట్ పీసీ, "రిమూవ్ ఎవ్రీథింగ్", తర్వాత "క్లౌడ్ డౌన్‌లోడ్". 4 జీబీకి పైగా డేటా లాగుతుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టకు. "కీప్ మై ఫైల్స్" మాత్రం నొక్కకు, ఈ సందర్భానికి అది చాలదు.

కొత్త విండోస్ వచ్చాక నాన్నగారికి స్టాండర్డ్ (అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేని) అకౌంట్ ఇచ్చి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ నీ దగ్గర పెట్టుకో. కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా కావాలంటే వాటిని స్కాన్ చేసిన ఫొటోలన్నీ ఎంచుకుని రైట్ క్లిక్, ప్రింట్, ప్రింటర్‌గా "మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్". అన్నీ ఒకే ఫైల్‌గా వస్తాయి, ఏమీ దించుకోనక్కర్లేదు. పేజీల వరస ఫైల్ పేర్లని బట్టి ఉంటుంది కనుక ముందే 01, 02 అని పేర్లు మార్చుకోమను.