మూగ్ కాదు, మోగ్: ఒక డాక్యుమెంటరీ సబ్‌టైటిల్స్ మీద చర్చ (ఊరి పేర్లే మాట్లాడేవాళ్ళ గుర్తులు)

తిరుపతి: కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం సింథసైజర్‌కు దారి వేసిన రాబర్ట్ మోగ్ మీద 2004లో వచ్చిన డాక్యుమెంటరీకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తా ఉన్నాం. చూసేది సంగీతం నేర్చుకునే పిల్లోళ్ళు. మొదటి చిక్కు పేరుతోనే. మూగ్ అనా, మోగ్ అనా? ఇంకొకటి, ఎన్వలప్ (శబ్దం పుట్టి ఆరిపోయేదాకా దాని గట్టితనం మారే తీరు), సస్టెయిన్ (అందులో ఒక భాగం), డ్రిఫ్ట్ (శ్రుతి దానంతటదే జరగడం) లాంటివాటికి మన మాటలు పెట్టొచ్చా, అట్లే వదిలేయాలా?

చిత్తూరు: మోగ్. ఆయన తన పేరు ‘వోగ్’ అనే ఇంగ్లీషు మాటకు ప్రాస కుదిరేట్టు పలికేవాడు. ఇంగ్లీషులో రెండు ఓలు కనిపిస్తే మనోళ్ళు ఊ పెట్టేస్తారు. రోజ్‌వెల్ట్ మన పేపర్లలో రూజ్‌వెల్ట్ అయింది అట్లే. పైగా మూగ్ అని రాస్తే తెలుగు కంటికి ‘మూగ’ కనిపిస్తుంది. శబ్దాలు పుట్టించినాయనకు అంతకంటే అన్యాయం ఏముంటుంది? మోగ్ అంటే ‘మోగు’ గుర్తొస్తుంది. కాకతాళీయమే. దీన్ని పట్టుకొని ఆ పేరు మన ధాతువే అని ఎవరూ బయల్దేరొద్దు సామీ.

శ్రీకాళహస్తి: మోగు పాత రూపం మ్రోగు. క్రొత్త కొత్త అయినట్టు, త్రాగు తాగు అయినట్టు రకారం పోయింది. అందుకే పేరు చివర ఉకారం చేర్చొద్దు, ‘మోగు వాయించాడు’ అంటే చదివేవాడు తికమకపడతాడు. పొల్లుతోనే ఉంచండి. టైపు చేసేటప్పుడు ఒక జాగ్రత్త: మోగ్ తర్వాత ‘ని’ చేరిస్తే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (రెండు అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు) పడాల. లేకుంటే ‘అగ్ని’లో మాదిరి ‘మోగ్ని’ అని వత్తు పడిపోతుంది. ‘మోగ్ గారిని’ అని రాస్తే ఆ గొడవే లేదు. ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, లేకుంటే తెరమీద ప్రశ్నార్థకాలే.

చిత్తూరు: ఇక మాటల సంగతి. ఎన్వలప్‌ను ‘కవరు’ అనీ, అటాక్‌ను ‘దాడి’ అనీ రాసినారంటే పిల్లోళ్ళు నవ్వుతారు. నా లెక్కలో అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్‌లకు వరసగా ఎత్తు, దింపు, నిలుపు, విడుపు సరిపోతాయి. కీ నొక్కినాక శబ్దం శిఖరానికి చేరే కాలం ఎత్తు. అక్కడినుంచి దిగే కాలం దింపు. కీ వదిలినాక ఆరిపోయే కాలం విడుపు. నిలుపు మాత్రం కాలం కాదు, మట్టం. కీ పట్టుకున్నంతసేపూ శబ్దం ఎంత గట్టిగా నిలవాలనేది. దీన్ని ‘నిలిచే సమయం’ అని రాస్తే మొత్తం తప్పు. 1965లో సంగీతకర్త ఉసాచెవ్‌స్కీ ఇట్లాంటిది కావాలని మోగ్‌ను అడిగినప్పుడు పెట్టిన గుర్తులు చూస్తే తెలుస్తుంది: మూడు టీలు, ఒక ఈ. టీ అంటే కాలం, ఈ అంటే వోల్టేజి. నిలుపు సున్నా చేసి ఎత్తు 5 మిల్లీసెకండ్లు పెట్టండి, తీగ మీటినట్టు పలుకుతుంది. నిలుపు పూర్తిగా పెంచి ఎత్తు అర సెకండు చేస్తే ఊది పట్టినట్టు వస్తుంది.

తిరుపతి: అన్నా, మట్టం ఎందుకు? స్థాయి అంటే బాగుంటుంది గదా.

చిత్తూరు: వద్దమ్మా. సంగీతంలో స్థాయి అంటే ఆక్టేవ్. మంద్ర, మధ్య, తార స్థాయిలు నేర్చుకున్న పిల్లలకు అదే తడుతుంది. మోగ్ యంత్రంలో 1 వోల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి పైకి పోతుంది. స్థాయికి 12 స్వరస్థానాలు కాబట్టి, ఒక్కోదానికి 83 మిల్లీవోల్టుల చిల్లర. ఆ వాక్యంలోనే స్థాయి రెండు అర్థాల్లో వస్తే సబ్‌టైటిల్ పనికిరాదు.

పుత్తూరు: సినిమా మీద నా మాట కూడా. మోగ్ మాటలు, ఆయనతో కలిసి పనిచేసిన సంగీతకర్త హెర్బ్ డాయిచ్‌తో పాత ముచ్చట్లు బాగున్నాయి. 2005లో పోయినాడు కాబట్టి, ఆ గొంతు దొరకడమే పెద్దది. కీత్ ఎమర్సన్, రిక్ వేక్‌మన్, బెర్నీ వొరెల్ లాంటి వాయించేవాళ్ళు ఉన్నారు. కానీ పెట్టె లోపల ఏం జరుగుతుందో సరిగ్గా చెప్పలేదు. 1969లో పేటెంట్ వచ్చిన ఆ లాడర్ ఫిల్టర్‌నే తీసుకోండి, ఒక హద్దుకు పైనున్న శబ్దాలను తగ్గించేది. ‘నిచ్చెన వడపోత’ అనండి, సర్క్యూట్ బొమ్మ కూడా నిచ్చెనే. జంట ట్రాన్సిస్టర్ల మెట్ల మధ్య కెపాసిటర్లు, నాలుగు దశలు. హద్దు దాటినాక ఒక్కో దశ ఒక్కో స్థాయికి 6 డెసిబెల్స్ కోస్తుంది, నాలుగూ కలిపి 24. బయటికొచ్చిన శబ్దాన్ని మళ్ళీ లోపలికి తిప్పి మరీ పెంచితే వడపోతే సొంతంగా ఈల వేస్తుంది. సబ్‌టైటిల్‌లో ఇదంతా పట్టదు, ముందు ఒక పేజీ వివరణ పంచండి.

శ్రీకాళహస్తి: డ్రిఫ్ట్‌కు ‘శ్రుతి తప్పింది’ వద్దు, ‘శ్రుతి జారింది’ రాయండి. తప్పడం వాయించేవాడి లోపం, జారడం వేడివల్ల. వోల్టేజిని శ్రుతిగా మార్చే ట్రాన్సిస్టర్‌లో బేస్-ఎమిటర్ మధ్య వోల్టేజి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. జోడీ ట్రాన్సిస్టర్లు పెట్టి దాన్ని కొట్టేసినా, 1 వోల్టుకు ఒక స్థాయి అనే కొలత డిగ్రీకి 0.33 శాతం చొప్పున జరుగుతుంది. దాన్ని సరిచేసేందుకు వేడినిబట్టి మారే రెసిస్టర్ వేస్తారు. అది ట్రాన్సిస్టర్లకు ఆనుకొని ఉండాల, దూరంగా పెడితే లాభం లేదు. మే నెల తిరుపతిలో ఏసీ లేని గదిలో ఆన్ చేసిన వెంటనే శ్రుతి చేస్తే అరగంటకు మళ్ళీ చేయాల్సిందే. వేడెక్కనిచ్చి చేయండి.