అప్‌డేట్ చేసుకోనివాళ్ళది అజ్ఞానమేనా?

అమలాపురం, ఫోన్ సర్వీస్ షాపు:
రిపేరుకొచ్చే ఫోన్లలో చాలావాటికి సెక్యూరిటీ అప్‌డేట్ ఏడాది కిందటిదే ఉంటోంది. చేయమంటారా అంటే "వద్దు బాబూ, బాగానే నడుస్తోందిగా" అంటారు. బ్యాంకు డబ్బులన్నీ అందులోనే! 2017లో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళం వేసి డబ్బులడిగింది, మన ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లూ కొన్ని దెబ్బతిన్నాయి. అది విరుచుకుపడింది మే 12న, మైక్రోసాఫ్ట్ విరుగుడు అప్‌డేట్ ఇచ్చింది మార్చి 14న. రెండు నెలలు టైముండీ చేసుకోలేదంటే అజ్ఞానం కాక ఏమంటాం?

భీమవరం, రొయ్యల మేత షాపు:
ఆ మాట మాత్రం ఒప్పుకోనండి. మా షాపులో బిల్లింగ్ కంప్యూటర్ ఒక్కటే. సీజన్‌లో ఓ పొద్దున్న ఆన్ చేస్తే అప్‌డేట్ అవుతోంది, ఆపొద్దు అని శాతాలు తిరుగుతున్నాయి, బయట మేత బస్తాల కోసం ట్రక్ ఆటోలు ఆగి ఉన్నాయి, చెరువు దగ్గర నుంచి రైతులు ఫోన్ల మీద ఫోన్లు, ఇంతలో కరెంటు పోయింది. తిరిగొచ్చి అంతా అయ్యాక చూస్తే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ పలకలేదు. సాయంత్రం దాకా చేత్తోనే బిల్లులు రాశాం. ఆ రోజు నుంచి మా గుమాస్తా అప్‌డేట్ అన్న మాట కనిపిస్తే చాలు, "తర్వాత" నొక్కేస్తాడు. అతన్ని నేను తప్పుపట్టను.

పెద్ద కంపెనీలు చేసినవీ తక్కువేం కాదు. 2018 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్ళు తుడిచేస్తే మైక్రోసాఫ్టే దాన్ని ఆపేసింది. అప్‌డేట్‌తో పాత ఐఫోన్ల వేగం తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. బ్యాటరీ పాతబడి ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా అన్నారు, కారణం నిజమే కావచ్చు, మరి ముందే చెప్పాలి కదా? అప్‌డేట్లతో ఫోన్లు నెమ్మదించాయని ఇటలీ ఆపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. సెక్యూరిటీది విడిగా ఇచ్చి, కొత్త హంగులు కావాలా వద్దా అని మమ్మల్ని అడిగితే ఈ భయం సగం పోతుంది.

రాజోలు:
విడిగా ఇచ్చినా సరిపోదండి. 2024 జూలై 19న దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీ పంపిన సెక్యూరిటీ అప్‌డేటే. విమానాలు ఆగిపోయాయి. అది వాడేవాళ్ళు నొక్కి తెచ్చుకున్నది కాదు, దానంతటదే దిగింది. ముందు కొద్దిమందికి పంపి చూసి, తర్వాత మిగతావాళ్ళకి ఇవ్వాలి.

భీమవరం, రొయ్యల మేత షాపు:
ఇది నిజం. బాగోకపోతే పాతదానికి వెనక్కి వెళ్ళే దారీ ఉండాలి. చాలా ఫోన్లలో మామూలు మనిషికి ఆ దారే లేదు, అందుకే ఇంత టెన్షన్. అమలాపురం గారూ, షాపుకొచ్చినవాళ్ళని ఊరికే చేయమంటారా అనకండి. ఎంత డేటా అవుతుంది, ఎంతసేపు పడుతుంది, ఏం మారుతుంది చెప్పండి, ముందు ఫొటోలు బ్యాకప్ తీసిపెట్టండి. అప్పుడూ వద్దంటే అజ్ఞానం అనండి, నేనూ కాదనను.